అడిగే గొంతుకు అక్షరబలం: రాయచూరు పిల్లలకు ఒప్పించే రాత నేర్పడం గురించి

రాయచూరు జిల్లాలో పదో తరగతి పరీక్షకు చదివే పిల్లల నోటుబుక్కుల్లో తరచుగా ఒక ఉత్తరం కనిపిస్తుంది. వీధిలో మంచినీళ్లు సరిగా రావడం లేదని, తగిన చర్య తీసుకోవాలని నగరసభ కమిషనరుకు రాసిన ఉత్తరం. తేదీ ఎక్కడ వేయాలో, 'ఇట్లు మీ విధేయుడు' ఎక్కడ రావాలో పిల్లలకు కంఠతా వచ్చు. ఆ ఉత్తరం మాత్రం ఏ కమిషనరుకూ చేరదు. మార్కులు పడగానే దాని పని అయిపోతుంది. ఇదే రాయచూరు పట్టణంలో 2022 వేసవిలో కలుషితమైన కుళాయి నీళ్లు తాగి మనుషులు చనిపోయారు. నీళ్ల గురించి అడగడం ఇక్కడ ప్రాణంతో ముడిపడిన పని. అలాంటి పనిని ఐదు మార్కుల ప్రశ్నగా మాత్రమే నేర్పుతున్నాం.

ఒప్పించేలా రాయడం పిల్లలకు నేర్పవచ్చా? ఆ రాతలో బలం, ఎదుటివాళ్లమీద గౌరవం, మేలు జరుగుతుందన్న నమ్మకం మూడూ కలిసి ఉండేలా చేయవచ్చా? దీనిమీద బడి ఏం చేస్తోంది, పరిశోధన ఏం చెబుతోంది, తెలుగు ఇళ్ల పిల్లలు కన్నడ బడిలో చదివే ఈ జిల్లాకు అందులో ఏది పనికొస్తుంది అన్నవి ఒక్కచోట పెట్టి చూడడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ నేలమీద ఉన్న పాఠాలు

ఒప్పించే రాతకు నమూనాలు వెతుక్కుంటూ దూరం పోనక్కర్లేదు. 1915లో మస్కిలో బయటపడిన అశోకుడి శిలాశాసనం ఈ జిల్లాలోదే. 'దేవానాంప్రియుడు' అన్న బిరుదు పక్కన అశోకుడి పేరు స్పష్టంగా కనిపించడంతో ఆ శాసనం చరిత్రకారులకు ముఖ్యమైంది. రాత నేర్పేవాళ్లకు అందులో ఇంకొకటి దొరుకుతుంది. చక్రవర్తి ముందు తన అనుభవం చెప్పుకున్నాడు. ధర్మఫలం గొప్పవాళ్లకే దక్కుతుందని అనుకోవద్దని, సామాన్యుడు కూడా అందుకోగలడని తర్వాత చెప్పాడు. ఈ దారిన నడిస్తే మేలు పెరుగుతుందని, చిరకాలం నిలుస్తుందని చెప్పి ముగించాడు. ఆజ్ఞాపించగల మనిషి నచ్చచెప్పే దారి పట్టాడు. వినేవాడికి 'నీవల్ల అవుతుంది' అన్న ధైర్యం ఇచ్చాడు.

రెండో పాఠం లింగసుగూరు తాలూకా అమరేశ్వరానిది. పన్నెండో శతాబ్దపు శరణులు (బసవేశ్వరుడి దారిలోని శివభక్తులు) ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతుల ఊరు అది. కల్యాణ పట్టణంలో శరణుల ముంగిళ్లలో రాలిన బియ్యం ఏరుకొచ్చి దాసోహం నడపడం మారయ్య కాయకం, అంటే ఆయన చేపట్టిన పని. ఒకరోజు ఆయన అవసరానికి మించి బియ్యం తెస్తే, లక్కమ్మ ఆశ ఎందుకని నిలదీసి, ఎక్కువైనది తిరిగి అక్కడే పోసి రమ్మంది. ఆమె మాటలో నిష్ఠురం ఉంది, కానీ తిట్టు లేదు. ఏం చేయాలో చెప్పింది, ఎందుకు చేయాలో చెప్పింది. మారయ్య నమ్మిన విలువనే ఆయనకు గుర్తుచేసింది. లోకం చిన్నవాళ్లుగా చూసే స్థానంలో ఉన్నవాళ్లు పెద్దల్ని ఎలా ఒప్పించవచ్చో దీనికన్నా బాగా చూపించే పాఠం అరుదు. మన పిల్లలు లక్కమ్మను కవి పరిచయంలో చదువుతారు. ఆమె వాదాన్ని విప్పి చూసే అవకాశం మాత్రం వాళ్లకు దొరకదు.

బడిలో జరుగుతున్నది

2011 జనాభా లెక్కల్లో రాయచూరు జిల్లా అక్షరాస్యత 59.56 శాతం. రాష్ట్ర సగటు 75.36. జిల్లా 1956 దాకా హైదరాబాదు రాష్ట్రంలో ఉండేది. ఈ ప్రాంతపు వెనుకబాటును గుర్తించే రాజ్యాంగంలో 371-జె అధికరణం చేర్చారు. 2018లో కేంద్రం ప్రకటించిన ఆకాంక్షిత జిల్లాల్లో కర్ణాటక నుంచి ఉన్నవి రెండే, రాయచూరు, యాదగిరి. ఇలాంటి చోట ముందు అక్షరాలు రానివ్వండి, వాదాలు తర్వాత చూద్దాం అనే ఉపాధ్యాయులు చాలామంది. ఆ మాటలో బాధ్యత ఉంది. 2005 నుంచి గ్రామీణ భారతంలో పిల్లల చదువును కొలుస్తున్న అసర్ సర్వేలు కూడా ప్రధానంగా చదవడాన్ని, లెక్కల్నే చూస్తాయి. కొలవని దానిమీద బడి దృష్టి పెట్టదు. అందువల్ల సొంతంగా రాయడం ఎప్పుడూ వాయిదా పడుతూనే ఉంటుంది.

పరీక్షలో వ్యాసం ఉంటుంది, సామెత వివరణ ఉంటుంది, ఉత్తరం ఉంటుంది. వీటిని చాలా చోట్ల గైడు చూసి నేర్పుతారు. చెట్ల మీద వ్యాసం అంటే తరగతి మొత్తం ఒకే వ్యాసం రాస్తుంది. పిల్లవాడు దేన్నీ కోరడు, ఎవరితోనూ మాట్లాడడు. పక్కనున్న తెలంగాణ, ఆంధ్ర పాఠ్యపుస్తకాల్లో పదేళ్లకు పైగా 'స్వీయరచన', 'సృజనాత్మకత' అనే శీర్షికల కింద సొంతంగా రాయాల్సిన ప్రశ్నలు వస్తున్నాయి. కరపత్రం రాయమని, అభిప్రాయాన్ని సమర్థించమని అడుగుతున్నారు. అది మంచి మార్పు. అయితే జవాబుల గైడ్లు అక్కడికీ చేరాయి. ప్రశ్న మారినంత మాత్రాన పద్ధతి మారదని ఈ అనుభవం చెబుతోంది.

పరిశోధన చెబుతున్నది

ఈ ప్రశ్నమీద నలభై ఏళ్లుగా గట్టి పని జరిగింది. కార్ల్ బెరైటర్, మార్లిన్ స్కార్డమాలియా 1987లో ఒక ముఖ్యమైన తేడా చూపించారు. కొత్తగా రాసేవాళ్లు తెలిసింది తెలిసినట్టు గుమ్మరిస్తారు. చేయి తిరిగినవాళ్లు చదివేవాడిని మనసులో పెట్టుకుని తెలిసినదాన్ని మార్చుకుంటారు. ఒప్పించే రాతలో ఈ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. తెలిసిందంతా చెప్పడం వల్ల ఎవరూ ఒప్పుకోరు.

2007లో స్టీవ్ గ్రాహమ్, డొలోరెస్ పెరిన్ నాలుగు నుంచి పన్నెండు తరగతుల పిల్లల మీద జరిగిన అధ్యయనాలన్నిటినీ కలిపి లెక్కకట్టారు. ఏ పద్ధతికి ఎంత ప్రభావం ఉందో అంకెల్లో చెప్పారు. సున్న అంటే ప్రభావం లేనట్టు. ఎలా ఆలోచించాలి, ఎలా కూర్చాలి, ఎలా దిద్దుకోవాలి అన్న మెట్లను విడమరచి నేర్పినప్పుడు 0.82 వచ్చింది. పిల్లలు కలిసి రాసినప్పుడు 0.75, 'ఈ రాతలో ఇది సాధించాలి' అని ముందే స్పష్టమైన లక్ష్యం పెట్టినప్పుడు 0.70 వచ్చాయి. మంచి నమూనాలు చదివించడం ఒక్కటే అయితే 0.25. వ్యాకరణాన్ని విడిగా నేర్పితే సున్నకన్నా కిందికి, మైనస్ 0.32కు పడిపోయింది. ఆ అధ్యయనాలు ఎక్కువగా ఇంగ్లిషు తరగతులవి కాబట్టి అంకెల్ని యథాతథంగా మన బడికి అంటగట్టలేం. దిశ మాత్రం తెలుస్తోంది. మన బడి ఎక్కువ సమయం పెడుతున్నది తక్కువ ఫలితమిచ్చే వాటిమీదే.

మెట్లు విడమరచి చెప్పే పద్ధతుల్లో గ్రాహమ్, కారెన్ హారిస్ పెంచినది ప్రాథమిక తరగతులకు కూడా సరిపోతుంది. ముందు నీ మాట చెప్పు. కనీసం మూడు కారణాలు ఇవ్వు. ప్రతి కారణాన్నీ వివరించు. ముగించు. దీంతోపాటు రాసేటప్పుడు తనకు తాను ధైర్యం చెప్పుకోవడం, తన రాతను తానే సరిచూసుకోవడం నేర్పుతారు. రాయడమంటే బెదిరిపోయే పిల్లలకు ఇలాంటి చేయూత కావాలి. ఇదే నిచ్చెన ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతే అందరి వ్యాసాలూ మళ్లీ ఒకే అచ్చులో పోసినట్టు వస్తాయన్న విమర్శ కూడా సరైనదే.

నాకు అన్నిటికన్నా పనికొచ్చేదిగా తోచింది డియానా కూన్, అమాండా క్రొవెల్ 2011లో ప్రచురించిన అధ్యయనం. న్యూయార్కులో పేద కుటుంబాల పిల్లలు చదివే ఒక బడిలో ఆరో తరగతి నుంచి మూడేళ్లపాటు ఒకే అభిప్రాయం ఉన్న పిల్లల్ని జతకలిపి, ఎదుటి అభిప్రాయం ఉన్న జతతో వాదింపజేశారు. ఉపాధ్యాయుడు నడిపే చర్చల్లో పాల్గొని ఎక్కువ వ్యాసాలు రాసిన మరో బృందంకన్నా, ఇలా వాదించిన పిల్లలే చివరికి మెరుగైన వాదవ్యాసాలు రాశారు. ఎదుటివాడి మాటను లెక్కలోకి తీసుకోవడం వాళ్లకు అలవాటైంది. రాతకు ముందు మాట రావాలని, ఆ మాటకు నిజంగా ఎదురుచెప్పే మనిషి ఉండాలని దీన్నిబట్టి తెలుస్తోంది.

దీనికి కావలసిన సరుకు రాయచూరులో కొల్లలుగా ఉంది. తుంగభద్ర ఎడమకాలువ నీళ్లు ఎగువన పొలాలకు అందుతాయి. మాన్వి, సిరవార వైపు చివరి ఆయకట్టుకు ఏటా తగాదానే. 2024 ఆగస్టులో ఆనకట్ట పందొమ్మిదో గేటు కొట్టుకుపోయినప్పుడు ఆ భయం ప్రతి ఇంటికీ వచ్చింది. ఏడో తరగతిలో సగంమందిని ఎగువ రైతులుగా, సగంమందిని చివరి ఆయకట్టు రైతులుగా కూర్చోబెట్టి వాదించమనండి. మరుసటి వారం పక్షాలు మార్చండి. వరి వేసేవాడి లెక్క ఏమిటో, మిరపతోట ఎండిపోతున్నవాడి బాధ ఏమిటో రెండూ నోట పలికాక, నీటిపారుదల ఇంజినీరుకు ఉత్తరం రాయమనండి. అప్పుడు కారణాలు గైడులోంచి రావు.

ఏ భాషలో గొంతు విప్పాలి?

తుంగభద్ర ఆనకట్ట నీళ్లు 1953లో వచ్చాక కోస్తా జిల్లాల తెలుగు రైతులు ఇక్కడ భూములు కొని స్థిరపడ్డారు. సింధనూరు, మాన్వి చుట్టుపక్కల వాళ్ల ఊళ్లను ఇప్పటికీ క్యాంపులనే పిలుస్తారు. అంతకుముందు నుంచే గద్వాల, నారాయణపేట, మంత్రాలయం వైపు సరిహద్దు పల్లెల్లో తెలుగు ఇంటిభాష. ఆ పిల్లలు ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, పక్కింటివాళ్లతో ఉర్దూ, ఫీజు కట్టే బడిలో అయితే ఇంగ్లిషు మాట్లాడతారు. కర్ణాటక 2015లో చేసిన చట్టంతో అన్ని బడుల్లోనూ కన్నడం నేర్చుకోవడం తప్పనిసరి అయింది. ఇక్కడి పాలన, పంచాయతీ, బస్సు డిపో అన్నీ కన్నడంలోనే నడుస్తాయి కాబట్టి ఆ పిల్లలకు కన్నడంలో బలంగా రాయడం రావలసిందే.

అయితే కోపం, కోరిక, కారణం మనిషికి ముందుగా తోచేది ఇంటి భాషలో. కన్నడం ఇంకా కుదురుకోని పిల్లను మొదటి ప్రయత్నంలోనే కన్నడంలో ఒప్పించమంటే, తనకు తెలిసిన మూడు వాక్యాలకు సరిపోయేలా తన ఆలోచనను కుదించుకుంటుంది. చిత్తుప్రతి తెలుగులో రాయనివ్వాలి. జతలో కన్నడం బాగా వచ్చిన పిల్లతో కలిసి దాన్ని కన్నడంలోకి తేవాలి. కలిసి రాయడానికి పరిశోధన ఇచ్చిన విలువ ఇక్కడ రెట్టింపు అవుతుంది. సింధనూరులో 1970ల నాటి బెంగాలీ పునరావాస శిబిరాల పిల్లలకు, తండాల్లోని లంబాడీ పిల్లలకు కూడా ఇదే దారి. ఉపాధ్యాయుడికి ఆ భాషలన్నీ రావాలని లేదు. చిత్తుప్రతి ఏ భాషలో ఉన్నా తప్పుపట్టకుండా ఉంటే చాలు.

ఒక ఉత్తరం, దగ్గరగా

మాటల్లో చెబితే తేలిగ్గా ఉంటుంది కాబట్టి ఒక నమూనా తీసుకుందాం. 2023 జూన్‌లో శక్తి పథకం మొదలై ఆడవాళ్లకు ప్రయాణం ఉచితమయ్యాక బస్సులు కిక్కిరిశాయి. నిండిన బస్సు పిల్లల స్టాపులో ఆగకపోవడం పల్లెల్లో అందరికీ తెలిసిన ఇబ్బంది. ఒక క్యాంపు పిల్ల డిపో మేనేజరుకు రాసే మొదటి చిత్తు ఇలా ఉంటుందనుకుందాం:

"గౌరవనీయులైన మేనేజరు గారికి, మా క్యాంపు దగ్గర బస్సు ఆపడం లేదు. డ్రైవర్లకు మేమంటే లెక్కలేదు. రోజూ బడికి ఆలస్యం అవుతోంది. దయచేసి తగిన చర్య తీసుకోగలరు."

దీన్ని ఎర్రసిరాతో దిద్దితే అక్షరదోషాలు పోతాయి, ఉత్తరం మాత్రం అలాగే ఉంటుంది. దిద్దే బదులు అడగాలి. ఏ వేళ బస్సు? స్టాపులో ఎంతమంది నిలబడతారు? రోజూ ఆగదా, కొన్ని రోజులేనా? ఆపకపోవడానికి డ్రైవరన్న చెప్పే కారణం ఏమిటి, అది నిజమేనా? మేనేజరు తన కుర్చీలో కూర్చుని చేయగలిగింది ఏమిటి? ఈ ప్రశ్నలకు జవాబు కావాలంటే పిల్లలు రెండు వారాలు లెక్క రాసుకోవాలి, డ్రైవరుతో మాట్లాడాలి. ఆ తర్వాతి చిత్తు వేరేగా వస్తుంది:

"అయ్యా, పొద్దున ఎనిమిదిన్నర బస్సు కోసం మా స్టాపులో పద్నాలుగుమందిమి నిలబడతాం. తొమ్మిదిమందిమి ఆడపిల్లలం. పోయిన పన్నెండు బడిరోజుల్లో బస్సు ఐదు రోజులే ఆగింది. ఆగని రోజు నడిచి వెళ్తే మొదటి పీరియడు అయిపోతుంది. ఆరోజు మాలో కొందరిని ఇంట్లో ఆపేస్తున్నారు. మా దగ్గరికి వచ్చేసరికే బస్సు నిండిపోతుందని డ్రైవరన్న చెప్పారు. మేమూ చూశాం, నిజమే. అందుకని ఆ వేళకు ఇంకో బస్సు వేయండి. అది కుదరకపోతే తొమ్మిదింటి బస్సును అరగంట ముందు పంపండి. నెలరోజులు ఎంతమందిమి ఎక్కామో లెక్క రాసి మీకు పంపిస్తాం."

రెండో ఉత్తరంలో అలంకారాలు లేవు, పెద్ద మాటలు లేవు. అయినా బలం వచ్చింది. అంకెలు పిల్లలు తమ కళ్లతో చూసి రాసుకున్నవి. ఎదుటివాడి ఇబ్బందిని ఒప్పుకోవడంతో వాదం నమ్మదగినదైంది. కోరిక మేనేజరు చేతిలో ఉన్న పనికి సరిపోయింది, ఒకటి కాకపోతే ఇంకొకటి ఉంది. చివర్లో పిల్లలు తామూ ఒక బాధ్యత తీసుకున్నారు. మొదటి చిత్తులోని డ్రైవరు శత్రువు, రెండోదాంట్లో సాక్షి. సానుకూలమైన గొంతు అంటే ఇంతకన్నా మంచి వివరణ నా దగ్గర లేదు.

సానుకూలత, మెత్తదనం ఒకటి కావు

ఈ మాటను పెద్దలు తమకు అనువుగా వాడుకునే ప్రమాదం ఉంది. 'పాజిటివ్‌గా రాయండి' అంటే ఫిర్యాదు చేయవద్దని, బడిని పొగడమని అర్థం చెప్పే చోట్లు ఉన్నాయి. అలా నేర్పితే పిల్లల గొంతు నొక్కినట్టే.

2021 డిసెంబరులో రాయచూరుతో సహా వెనుకబడిన జిల్లాల బడుల్లో మధ్యాహ్న భోజనంతో కోడిగుడ్డు పెట్టడం మొదలైంది. కొందరు మఠాధిపతులు వ్యతిరేకించారు. పక్క జిల్లా గంగావతిలో ఒక విద్యార్థిని, తమకు గుడ్డు కావాలని, అడ్డుపడవద్దని వాళ్లను నిలదీసిన వీడియో రాష్ట్రమంతా చూసింది. తర్వాతి ఏడాది ఆ పథకం రాష్ట్రవ్యాప్తమైంది. దానికి ఆ పిల్ల మాట ఒక్కటే కారణమని చెప్పలేం. ఆకలి గురించి పెద్దలే మాట్లాడుకుంటున్న చర్చలోకి తినే పిల్ల గొంతు వచ్చి చేరింది, అది పెద్ద సంగతి. ఆ తీవ్రతను చల్లార్చనక్కర్లేదు. ఆ మాటను కాగితం మీద పెట్టేటప్పుడు ఎవరిని ఒప్పించాలో తేల్చుకోవడం నేర్పాలి. మఠాధిపతికి రాస్తే ఒక వాదం, విద్యామంత్రికి రాస్తే ఇంకొకటి, గుడ్డు తినని ఇంటి నుంచి వచ్చే తోటి విద్యార్థికి రాస్తే మరొకటి. ఆ మూడోదే అన్నిటికన్నా కష్టం, నేర్పదగినది కూడా.

ఇటలీలో బార్బియానా అనే కొండపల్లె బడిలో డాన్ లొరెంజో మిలానీ దగ్గర చదివిన ఎనిమిదిమంది రైతుబిడ్డలు 1967లో 'ఒక టీచరుకు లేఖ' ప్రచురించారు. పేదపిల్లల్ని ఫెయిల్ చేసి బయటికి పంపే చదువును గణాంకాలతో ఎండగట్టారు. చీటీలమీద విషయాలు రాసుకుని, గుట్టలుగా పేర్చి, అనవసరమైన ప్రతి మాటనూ కలిసి కొట్టేస్తూ రాసిన పుస్తకం అది. అందులో ఆగ్రహం నిండా ఉంది. ఏం మారాలో చెప్పే ప్రతిపాదనలూ ఉన్నాయి. అందువల్లే అది ఇటలీ చదువుల చర్చలో నిలిచింది. సానుకూలతకు కొలత ఇదే: కోపం ఎంత ఉన్నా దారి చూపించడం, ఎదుటివాడు మారగలడని నమ్మి రాయడం.

వినేవాళ్ల బాధ్యత

ఇంతదాకా చెప్పిన పద్ధతులన్నీ ఒక్క షరతు మీద ఆధారపడ్డాయి. ఉత్తరం ఎవరికో ఒకరికి చేరాలి, జవాబు రావాలి. కర్ణాటకలో దానికి ఏర్పాటు ఉంది. 2006లో ప్రభుత్వం గ్రామపంచాయతీలు ఏటా మక్కళ గ్రామసభ జరపాలని ఆదేశించింది. పిల్లలు పంచాయతీ పెద్దల ఎదుట నిలబడి తమ సమస్యలు చెప్పే సభ అది. ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక పన్నెండో అధికరణం పిల్లల అభిప్రాయానికి విలువ ఇవ్వాలంటుంది. భారత్ దానికి 1992లో ఒప్పుకుంది.

సభ మంచిదే. పిల్లలు చదివే కాగితం టీచరు రాసిచ్చినదైతే మాత్రం అది ఇంకో కంఠస్థమే. పెద్దలు తమ తగాదాలకు పిల్లల చేత సంతకాలు పెట్టించే ప్రమాదమూ ఉంది. అందుకే అంశం పిల్లలే ఎంచుకోవాలి, లెక్కలు వాళ్లే తీయాలి. మొదటి ఉత్తరాలు హెడ్‌మాస్టరుకో, బడి అభివృద్ధి కమిటీ అయిన ఎస్‌డీఎంసీకో రాయడం మేలు. మరుగుదొడ్డిలో నీళ్లు, లైబ్రరీ బీరువా తాళం, ఆటస్థలంలో ఆడపిల్లలకు వంతు లాంటివి జవాబు దొరికే కోరికలు. పత్తి ఏరే రోజుల్లో ఖాళీ అయ్యే బెంచీల గురించి, పనికోసం బెంగళూరు, పుణే వెళ్లే తల్లిదండ్రులతో పోయే నేస్తాల గురించి ఆ తర్వాత పంచాయతీకి రాయవచ్చు.

అడిగి అడిగి అలసిపోవడం ఈ జిల్లాకు తెలుసు. కోరుకున్న ఐఐటీ 2016లో ధారవాడకు వెళ్లింది. ఎయిమ్స్ కావాలని 2022 మేలో మొదలైన దీక్ష వెయ్యి రోజులు దాటింది. ఇలాంటి చోట పెరిగే పిల్లలకు రాయడం దండగ అనిపించడం తేలిక. ఆ భావన బలపడకుండా ఆపగలిగింది జవాబు ఒక్కటే. అడిగింది ఇవ్వలేకపోయినా ఎందుకు కుదరదో పిల్లలకు అర్థమయ్యేలా రాసిన నాలుగు వాక్యాలు చాలు. వాటిని తరగతిలో చదివి, ఇంకా బలంగా మళ్లీ ఎలా రాయాలో పిల్లలు నేర్చుకుంటారు.

కాబట్టి ఈ సమీక్ష తేల్చింది ఇది. ఒప్పించే రాత రూపంతో మొదలైతే నిలవదు. నిజమైన కోరిక, ఎదురువాదం, ఇంటిభాషలో చిత్తు, మెట్టుమెట్టుగా దిద్దుబాటు, చదివే మనిషి, ఆ మనిషి జవాబు వరసగా కుదిరితే ఏ పల్లెబడిలోనైనా వస్తుంది. వీటిలో మొదటి నాలుగూ ఉపాధ్యాయుడి చేతిలో ఉన్నాయి. చివరి రెండూ పంచాయతీ అధ్యక్షుల, అభివృద్ధి అధికారుల, డిపో మేనేజర్ల, ఇంజినీర్ల చేతిలో ఉన్నాయి. మక్కళ గ్రామసభలో అందిన ప్రతి పిల్లల ఉత్తరానికీ నెలలోపు రాతపూర్వకంగా జవాబివ్వడం ప్రతి పంచాయతీ నియమంగా పెట్టుకోవాలి. దానికి కొత్త నిధులు అక్కర్లేదు, కొత్త పుస్తకాలూ అక్కర్లేదు. రాబోయే సభ నుంచే మొదలుపెట్టవచ్చు.